22 అంగుళాల టైర్లు వేశాక పికప్ పోయింది: ముందు 12 వేయాలా, వెనక 42 వేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మొయినాబాద్ దగ్గర పొలంలో 250 సీసీ క్వాడ్ (నాలుగు చక్రాల మట్టిబాట బండి) ఉంది. ఐదు గేర్లు, చైన్ బండి. కంపెనీ నుంచి వచ్చిన స్ప్రాకెట్లు (చైన్ తిరిగే పళ్ళ చక్రాలు) ముందు 13 పళ్ళు, వెనక 38 పళ్ళు. వెనక 20 అంగుళాల టైర్లు అరిగిపోతే 22 అంగుళాలవి వేయించారు. అప్పట్నుంచి పికప్ లేదు. వికారాబాద్ వైపు గుట్ట బాటల్లో సెకండ్ గేర్‌లో బండి ముక్కుతోంది, ఐదో గేర్ వేస్తే స్పీడ్ పెరగకపోగా తగ్గుతోంది. ముందు 12 వేయాలా, వెనక 42 వేయాలా, టాప్ స్పీడ్ మాత్రం పోకూడదు అన్నారు.

సూటిగా చెప్తాను. ఇప్పటికి ముందు 12 వేయండి, వెనక 38 అలాగే ఉంచండి. నాలుగైదు వారాలు నడిపి చూడండి. చైన్ సెట్ మొత్తం మార్చే రోజు వచ్చినప్పుడు ముందు మళ్ళీ 13కి వెళ్ళి, వెనక 42 వేయండి. ఈ రెండింటిలో ఏది వేసినా బండి టైర్లు మార్చకముందు ఎలా ఉండేదో దాదాపు అలాగే అవుతుంది. టాప్ స్పీడ్ గురించి టెన్షన్ పడకండి, కారణం కింద చెప్తున్నాను. 12, 42 రెండూ ఒకేసారి మాత్రం వేయొద్దు.

నేను బాలానగర్‌లో గ్యారేజ్ నడుపుతాను. బైకులతో మొదలుపెట్టాను, పదేళ్ళ పైనుంచి ఫామ్‌హౌస్‌ల క్వాడ్లు, రిసార్టుల క్వాడ్లు కూడా వస్తున్నాయి. వాటిలో "పికప్ లేదు" అని వచ్చిన బండ్లలో సగానికి సగం మీలాంటివే. కార్బురేటర్ విప్పించుకుని, క్లచ్ ప్లేట్లు మార్పించుకుని, చివరికి నా దగ్గరికి వస్తారు. నేను మొదట అడిగేది టైర్ సైజు. టైర్ కూడా గేరేనని చాలామందికి తోచదు.

లెక్క చూడండి. వెనక పళ్ళను ముందు పళ్ళతో భాగిస్తే వచ్చేది మీ ఫైనల్ రేషియో. 38ని 13తో భాగిస్తే 2.92. అంటే ముందు స్ప్రాకెట్ 2.92 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. ఈ అంకె పెరిగితే చక్రానికి అందే బలం పెరుగుతుంది, స్పీడ్ తగ్గుతుంది. అంకె తగ్గితే దానికి తలకిందులుగా జరుగుతుంది. టైర్ 20 నుంచి 22 అయితే ఒక్క చుట్టుకి బండి 10 శాతం ఎక్కువ దూరం పోతుంది. అంటే మీరు స్ప్రాకెట్ ముట్టకుండానే రేషియోని 2.92 నుంచి 2.66కి దించేశారు. ముందు 13 తీసి 14 వేసినదానికన్నా ఇది ఎక్కువ మార్పు. బండి ముక్కడంలో వింత లేదు.

ఇప్పుడు 12 వేస్తే 38/12 అంటే 3.17. పెద్ద టైర్ వల్ల పోయిన 10 శాతాన్ని తీసేస్తే పాత లెక్కలో 2.88. కంపెనీ ఇచ్చిన 2.92కి ఒకటిన్నర శాతం తేడా, నడిపేవాళ్ళకి అది తెలియను కూడా తెలియదు. 13/42 వేస్తే 3.23, టైర్ తేడా తీసేస్తే 2.94. అచ్చం పాత బండే. 12/42 వేస్తే మాత్రం 3.5, టైర్ తేడా తీసేసినా 3.18. అది గుట్టలు తప్ప ఇంకేమీ ఎక్కని బండికి సరిపోతుంది.

ముందు ఒక పన్ను అంటే వెనక సుమారు మూడు పళ్ళు. ఇది గుర్తుపెట్టుకుంటే దుకాణంలో కాలిక్యులేటర్ అక్కర్లేదు. 13 నుంచి 12కి దిగితే చక్రం దగ్గర బలం 8.3 శాతం పెరుగుతుంది. వెనక 38 నుంచి 41కి పోతే 7.9 శాతం.

ఇక టాప్ స్పీడ్ సంగతి. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఉదాహరణకి ఇంజిన్ లోపలి ప్రైమరీ రేషియో, ఐదో గేర్ కలిపి 2.8 అనుకుందాం, ఇంజిన్ 7500 ఆర్పీఎం దాకా లాగుతుందనుకుందాం. మీ ఇంజిన్ అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క పద్ధతి ఇదే. 20 అంగుళాల టైర్, మనిషి కూర్చుంటే కాస్త నొక్కుకుపోతుంది కాబట్టి చుట్టుకొలత 1.55 మీటర్లు పెట్టుకోండి. 13/38తో కాగితం మీద గంటకు 85 కిలోమీటర్లు వస్తుంది. 22 అంగుళాల టైర్‌తో అదే 13/38కి దాదాపు 94 వస్తుంది. చూస్తే స్పీడ్ పెరిగినట్టే. కానీ మీరే రాశారు కదా, ఐదో గేర్‌లో స్పీడ్ తగ్గుతోందని. కాగితం మీది 94 రావాలంటే ఆ స్పీడ్ దగ్గర కూడా ఇంజిన్ 7500 తిరగాలి. గాలి అడ్డుని నెట్టడానికి కావలసిన పవర్ స్పీడ్‌కి ఘనంలో పెరుగుతుంది. 80 నుంచి 90కి వెళ్ళాలంటే ఒక్క గాలికే 40 శాతం పైగా అదనపు పవర్ కావాలి. క్వాడ్ మీద మనిషి నిటారుగా కూర్చుంటాడు, నాలుగు వెడల్పు టైర్లు, కింద మెత్తటి చెలక నేల. 250 సీసీ ఇంజిన్ దగ్గర అంత మిగులు ఉండదు. 7500కి చేరకుండా 6000 దగ్గరే ఆగిపోతుంది. ఆ ఆర్పీఎంలో దాని పవరూ తక్కువే. అందుకే మీకు నాలుగో గేర్‌లో వచ్చే స్పీడ్ ఐదో గేర్‌లో రావడం లేదు.

శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌస్ ఉన్న ఒకాయన ఇలాగే, స్పీడ్ కావాలని పట్టుబట్టి 13 తీయించి 14 వేయించుకున్నారు. వద్దని చెప్పాను, వినలేదు. వారం తర్వాత ఇద్దరం ఫోన్‌లో జీపీఎస్ పెట్టి ఆయన పొలం పక్క మట్టిబాట మీద కొలిచాం. 13తో 76 పోయిన బండి 14తో 71 దగ్గర ఆగిపోయింది. ఆయన నమ్మలేక మూడుసార్లు నడిపారు. మళ్ళీ 13 వేశాక అదే బాటలో 76 వచ్చింది. స్ప్రాకెట్ కొత్త పవర్ తెచ్చిపెట్టదు. ఎద్దుల జత అదే, నాగలి ఎంత లోతుకి దించుతామన్నదే మన చేతిలో ఉన్నది. మరీ లోతుకి దించితే ఎద్దులు నిలబడిపోతాయి.

మీకు 12/38 వేశాక కాగితం లెక్క 86 చూపిస్తుంది, 94 కాదు. కానీ ఆ 86కి దగ్గరగా మీ ఇంజిన్ వెళ్ళగలదు, 94 దగ్గరికి వెళ్ళలేదు. కాబట్టి నిజంగా వచ్చే టాప్ స్పీడ్ ఇప్పటికన్నా పెరిగే అవకాశమే ఎక్కువ.

ఇంకో సంగతి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది. టర్బో లేని ఇంజిన్‌కి ప్రతి 100 మీటర్ల ఎత్తుకి సుమారు ఒక శాతం పవర్ తగ్గుతుంది. మే నెలలో 42 డిగ్రీల ఎండలో గాలి ఇంకా పలచన. వేరే ఊళ్ళో, వేరే దేశంలో ఎవరో రాసిన "బెస్ట్ గేరింగ్" అంకెలు ఇక్కడ ఒక అడుగు బరువుగానే అనిపిస్తాయి. అసలు ఒక బండి అంకెలు ఇంకో బండికి పనికిరావు కూడా. హోండా టీఆర్ఎక్స్ 400ఈఎక్స్ కంపెనీ నుంచి 15/38తో వచ్చింది, యమహా రాప్టర్ 700 14/38తో వచ్చింది. పెద్ద ఇంజిన్‌కే ముందు చిన్న స్ప్రాకెట్ ఉంది. గేర్‌బాక్స్ లోపలి రేషియోలు వేరు కాబట్టి. బయట కనిపించే రెండు అంకెలు చూసి పోల్చుకోవద్దు.

మరి మీ నేలకి ఏది సరిపోతుందో తెలుసుకునేది ఎలా? మీరు ఎప్పుడూ తిరిగే బాటలో అన్నిటికన్నా పొడవైన తిన్నని ముక్క ఎంచుకోండి. చివరి గేర్‌లో పూర్తి థ్రాటిల్ ఇచ్చి దాని చివరికి వెళ్ళేసరికి ఇంజిన్ దాదాపు తన చివరి ఆర్పీఎంకి రావాలి. సగంలోనే లిమిటర్ కొట్టి ఇంజిన్ కట్ అవుతుంటే గేరింగ్ మరీ పొట్టి (రేషియో అంకె మరీ ఎక్కువ), ముందు ఒక పన్ను పెంచుకోవచ్చు. చివరిదాకా వెళ్ళినా ఇంజిన్ గొంతు లేవకపోతే గేరింగ్ మరీ పొడుగు (అంకె మరీ తక్కువ). స్పీడోమీటర్ని నమ్మొద్దు. అది ఎక్కడినుంచి కొలుస్తుందో బట్టి టైర్ మార్చినా స్ప్రాకెట్ మార్చినా తప్పు చూపిస్తుంది. ఫోన్ జీపీఎస్ చాలు. ఈ పరీక్ష పొలంలోనే చేయండి. మన దగ్గర మామూలు క్వాడ్‌కి రోడ్డు రిజిస్ట్రేషన్ లేదు, ఓఆర్ఆర్ సర్వీస్ రోడ్డు మీద తెల్లారుజామున చూద్దాం అనుకోకండి.

రెండో పరీక్ష గుట్ట దగ్గర. మిమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టే ఒక ఎక్కుడు ఎంచుకోండి. ఫస్ట్‌లో ఇంజిన్ అరుస్తూ, సెకండ్‌లో ముక్కుతూ ఉందంటే మీ స్పీడ్ రెండు గేర్ల మధ్య సందులో పడిందన్నమాట. స్ప్రాకెట్ మారిస్తే ఆ సందు మాయం కాదు, పక్కకి జరుగుతుంది. ఒక పన్ను తేడాతో అదే గుట్ట సెకండ్‌లో హాయిగా ఎక్కేస్తుంది. నా వరకు టాప్ స్పీడ్ అంకెకన్నా ఈ పరీక్షే ముఖ్యం. పొలంలో తిరిగే బండి రోజుకి ఎన్నిసార్లు 80 దాటుతుంది? సెకండ్, థర్డ్‌లో మాత్రం రోజంతా తిరుగుతుంది.

12 వేయడం వల్ల నష్టాలు లేవా అంటే ఉన్నాయి. చిన్న స్ప్రాకెట్ మీద చైన్ ఎక్కువ కోణంలో మడతపడుతుంది. స్ప్రాకెట్ నిజానికి గుండ్రం కాదు, పళ్ళున్నన్ని మూలలున్న ఆకారం. అందుకే చైన్ వేగం ప్రతి పన్నుకీ కాస్త హెచ్చుతగ్గులవుతుంది. 15 పళ్ళకి ఆ తేడా 2.2 శాతం, 12కి 3.4, 10కి దాదాపు 5 శాతం. అది చైన్‌కి అదురు, అరుగుదల. పైగా అదే ఇంజిన్ బలం చిన్న వ్యాసం మీద లాగుతుంది కాబట్టి చైన్ మీద లాగుడు పెరుగుతుంది, చైన్ స్వింగ్ ఆర్మ్‌కి (వెనక యాక్సిల్‌ని పట్టుకునే చేయి) దగ్గరగా జరిగి దాని మీది రబ్బరు స్లైడర్‌ని కొరుకుతుంది. అందుకే 12ని ప్రయోగానికి అన్నాను, శాశ్వతానికి 13/42 అన్నాను. 11కి మాత్రం ఎప్పుడూ దిగకండి.

అయితే వెనక పెద్దది వేస్తే అది కిందికి వేలాడుతుంది. బైక్‌లా కాదు, క్వాడ్‌లో వెనక స్ప్రాకెట్ యాక్సిల్ మధ్యలో, నేలకి దగ్గరగా ఉంటుంది. మన దగ్గర రాళ్ళు ఎలాంటివో తెలుసు కదా. 520 సైజు చైన్‌కి 38 నుంచి 42కి వెళితే స్ప్రాకెట్ అంచు 10 మిల్లీమీటర్లు కిందికి వస్తుంది. మీ విషయంలో కలిసొచ్చింది ఏమిటంటే 22 అంగుళాల టైర్ యాక్సిల్‌ని 25 మిల్లీమీటర్లు పైకి లేపింది. అంటే 42 వేశాక కూడా మీ స్ప్రాకెట్ పాతదానికన్నా 15 మిల్లీమీటర్లు ఎత్తులోనే ఉంటుంది. 20 అంగుళాల టైర్ల మీదే ఉండి 42 అడిగి ఉంటే స్ప్రాకెట్ గార్డ్ లేకుండా వేయొద్దని చెప్పేవాణ్ణి.

చైన్ పొడవు సంగతి. స్ప్రాకెట్లో ఒక పన్ను పెరిగినా తగ్గినా యాక్సిల్ సుమారు 4 మిల్లీమీటర్లు జరపాలి. 12 వేస్తే 4 మిల్లీమీటర్లు వెనక్కి, అడ్జస్టర్‌లో అంత చోటు దాదాపు అన్ని బండ్లకీ ఉంటుంది. 42 వేస్తే 16 మిల్లీమీటర్లు ముందుకి రావాలి, అంత చోటు ఉండకపోవచ్చు. కాబట్టి 2 లింకులు ఎక్కువున్న చైన్ తీసుకోండి, యాక్సిల్ దాదాపు ఇప్పుడున్న చోటే నిలుస్తుంది. లింకులు ఎప్పుడూ సరిసంఖ్యలోనే ఉండాలి. ఒక్క లింక్ సర్దడానికి హాఫ్ లింక్ వేసే మెకానిక్‌లు ఉన్నారు. క్వాడ్ బరువుకి అది చైన్‌లో అన్నిటికన్నా బలహీనమైన చోటు అవుతుంది, ఒప్పుకోకండి.

పాత చైన్ మీద కొత్త స్ప్రాకెట్ వేసే ముందు చైన్ కొలవండి. 520 చైన్ అయితే 20 లింకులు లాగి పట్టుకుని పిన్ మధ్య నుంచి పిన్ మధ్యకి కొలిస్తే కొత్తది 317.5 మిల్లీమీటర్లు ఉంటుంది. 324కి చేరితే ఆ చైన్ పని అయిపోయింది. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. గ్యారేజ్ పెట్టిన కొత్తలో ఒక కస్టమర్ డబ్బు మిగలాలని అడిగితే సాగిపోయిన చైన్ మీదే కొత్త ముందు స్ప్రాకెట్ వేసి పంపాను. పది రోజులకి చైన్ పళ్ళు దాటి ముందు స్ప్రాకెట్ దగ్గర చుట్టుకుపోయి ఇంజిన్ కేసు పగలగొట్టింది. వెల్డింగ్ ఖర్చు నేనే పెట్టుకున్నాను. మనిషికి దెబ్బ తగల్లేదు, అదే పదివేలు. అప్పట్నుంచి కొలవకుండా ఏ బండికీ స్ప్రాకెట్ ముట్టలేదు.

చైన్ టైట్ చేసేటప్పుడు ఒక మనిషిని సీటు మీద కూర్చోబెట్టండి. ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ పివట్, యాక్సిల్ మూడూ ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైన్ అన్నిటికన్నా బిగువుగా ఉంటుంది. ఆ స్థితిలో కూడా మాన్యువల్ చెప్పినంత లూజు మిగలాలి. ఖాళీ బండి మీద బిగించేసిన చైన్ గుంతలో పడగానే బేరింగ్‌ని లాగేస్తుంది.

మన నేల గురించి కూడా చెప్పాలి. మీ చేవెళ్ళ, వికారాబాద్ వైపు ఎర్ర నేలా ఉంది, నల్లరేగడీ ఉంది. ఎండాకాలం ఎర్ర దుమ్ము జిడ్డు గ్రీజుకి అతుక్కుని సానరాయిలా అరగదీస్తుంది. అల్యూమినియం స్ప్రాకెట్ తేలిక అని ఎవరైనా చెప్పినా మన వాడకానికి స్టీలే తీసుకోండి. వానాకాలం నల్లరేగడి ఒక్కో చక్రానికీ కిలోల కొద్దీ అంటుకుంటుంది. జూలైలో రేగడిలోకి దిగే బండికి నేను ఎప్పుడూ ఒక పన్ను పొట్టి గేరింగే చెప్తాను. పొడుగు గేరింగ్‌తో బురదలో సగం క్లచ్ నొక్కి నడిపితే ఒక్క సాయంత్రంలో ప్లేట్లు మాడిపోతాయి. గాలితో చల్లబడే ఇంజిన్ అయితే ముక్కుతూ నడిచేకొద్దీ వేడి కూడా ఎక్కిపోతుంది. ఓ-రింగ్ చైన్ (లింకుల మధ్య రబ్బరు రింగులున్నది) అయితే కిరోసిన్‌తో కడగండి, పెట్రోల్ వాడితే రబ్బరు పాడవుతుంది.

ఇది చదివే మిగతావాళ్ళ కోసం రెండు మాటలు. మీది గేర్లు మార్చే పనిలేని బెల్ట్ సీవీటీ, చైన్ బదులు షాఫ్ట్ ఉన్న బండి అయితే ఈ లెక్కలేవీ వర్తించవు, అక్కడ మార్చేవి క్లచ్ వెయిట్లు, స్ప్రింగులు. పిల్లలకి, రిసార్టులకి వాడే 110 సీసీ ఆటోమేటిక్ చైన్ బండ్లకి పొట్టి గేరింగే మంచిది. లోపలి సెంట్రిఫ్యూగల్ క్లచ్ త్వరగా పట్టుకుంటుంది, వేడెక్కదు, స్పీడ్ కూడా అదుపులో ఉంటుంది. శామీర్‌పేట దగ్గర ఒక రిసార్ట్ బండ్లన్నిటికీ అలా మార్చాక క్లచ్ షూలు మార్చే పని బాగా తగ్గింది. బైక్ ఇంజిన్‌తో సొంతంగా క్వాడ్ కడుతున్న ఇంజినీరింగ్ పిల్లలూ వస్తుంటారు. బైక్ వెనక చక్రం ఎత్తు సుమారు 24 అంగుళాలు, క్వాడ్‌ది 20 కాబట్టి గేరింగ్ దానంతటదే పొట్టి అయిందని మురిసిపోతారు. ఫ్రేము, రాడ్ యాక్సిల్, నాలుగు టైర్లు కలిసి బరువు ఎంత పెరిగిందో మర్చిపోతారు. తూకం వేయించి తీసుకురమ్మంటాను.

గేరింగ్ పొట్టిదైతే ముందు చక్రాలు లేవడం తేలికవుతుంది. పట్టు బాగా ఉన్న ఎక్కుడు మీద ఫస్ట్ గేర్‌లో థ్రాటిల్ ఒక్కసారిగా తిప్పితే బండి వెనక్కి తిరగబడి మీద పడుతుంది. 12/42 వద్దన్నది ముఖ్యంగా ఇందుకే. 12/38 వేసిన మొదటి రోజు కూడా ఒంటిని ముందుకి వంచి, హెల్మెట్ పెట్టుకుని, సెకండ్‌లోనే గుట్ట ఎక్కండి. వెనక ఎవరినీ కూర్చోబెట్టొద్దు.

కొనడానికి పాత ముందు స్ప్రాకెట్ విప్పి చేతిలో పట్టుకుని పుత్లీబౌలి వెళ్ళండి. పళ్ళ సంఖ్య ఒక్కటి చెప్తే సరిపోదు. లోపలి గాడులు, రంధ్రం వ్యాసం, మందం, అంచు ఎత్తు అన్నీ కలవాలి. కొత్తదాన్ని పాతదాని మీద పెట్టి చూసి కొనండి. వెనక 42 రెడీమేడ్‌గా దొరక్కపోతే బాలానగర్‌లో ఈఎన్-8 రకం స్టీలు ప్లేట్‌లో కోయించి, మీ బోల్టు రంధ్రాలు వేయించి, పళ్ళకి హార్డెనింగ్ చేయించుకోవచ్చు. హార్డెనింగ్ చేయని ప్లేట్ ఒక సీజన్ కూడా నిలవదు, అడిగి చేయించండి. బిగించాక ముందు, వెనక స్ప్రాకెట్లు ఒకే గీతలో ఉన్నాయో లేదో తిన్నని పట్టీ పెట్టి చూడండి.

వెళ్ళే ముందు మూడు విషయాలు ఇక్కడ రాయండి: చైన్ లింక్ మీద కొట్టిన నంబర్, మొత్తం ఎన్ని లింకులు, అడ్జస్టర్‌లో యాక్సిల్ ముందుకి ఎంత, వెనక్కి ఎంత జరగగలదు. అవి ఉంటే 42కి మీకు ఎన్ని లింకుల చైన్ కావాలో కచ్చితంగా చెప్తాను.